గుర్రం కొందామా నాన్నా?

ఎక్కి తిరిగితే ఐదు నిమిషాల సరదా. తెచ్చి కట్టేసుకుంటే పాతికేళ్ల బాధ్యత. గడ్డి నుంచి గిట్టల దాకా, లాయం నుంచి లాడం దాకా... గుర్రం ఉన్నవాళ్ల రోజు ఎలా మొదలవుతుందో, నెలాఖరుకి జేబు ఎలా ఉంటుందో, అయినా సరే దాన్ని ఎందుకు వదులుకోలేరో చూద్దాం.

విశాఖ ఆర్కే బీచ్. ఆదివారం సాయంత్రం. ఒకపక్క మొక్కజొన్న పొత్తులు కాలుతున్న వాసన, మరోపక్క మురీ మిక్చర్ బండి దగ్గర జనం. అలల్లో మోకాళ్లదాకా తడిసిన పిల్లలు. ఇంతలో మెడలో పూసల దండ, నుదుటిమీద రంగుల కుచ్చుతో ఓ గుర్రం ఇసుకలో టకటకా వస్తుంది. అంతే! ‘నాన్నా... నేనెక్కుతా’. బేరం కుదురుతుంది. పాప ఎక్కుతుంది. అక్కడిదాకా వెళ్లి, ఇక్కడిదాకా వస్తుంది. నాన్న ఫోన్‌లో నాలుగు ఫొటోలు. దిగీ దిగగానే పాప అడిగే రెండో మాట మాత్రం నాన్న ఊహించనిది.

‘నాన్నా, మనమూ ఓ గుర్రం కొందామా?’

నాన్న నవ్వేస్తాడు. అమ్మ ‘ఎక్కడ కట్టేస్తావే, బాల్కనీలోనా?’ అంటుంది. ఐస్‌క్రీమ్ చేతికి రాగానే విషయం అక్కడితో ముగిసిపోతుంది. మన ఇళ్లలో ఈ ప్రశ్నకి దక్కే మర్యాద ఇంతే. కానీ ఒక్కసారి దాన్ని నిజంగా అడిగిన ప్రశ్నగానే తీసుకుంటే? ఊరి చివర కాస్త స్థలం ఉన్నవాళ్లు, పల్లెలో తాతయ్య పొలం ఉన్నవాళ్లు, ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఆ మాట నిజంగానే ఆలోచిస్తున్నారు. అలాంటివాళ్ల కోసమే ఈ లెక్క.

కొనడమే తేలిక!

వింతగా అనిపించినా ఇది నిజం. మొత్తం వ్యవహారంలో తక్కువ ఖర్చయ్యేది గుర్రం కొనడానికే. మామూలు నాటు తట్టువైతే వేలల్లో దొరుకుతుంది. మంచి మార్వాడీ గుర్రమో, కాఠియావాడీ గుర్రమో అయితే లక్షల్లోకి వెళ్తుంది. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతున్నట్టు కనిపిస్తాయే, అవే ఇవి. కార్తీక పౌర్ణమికి రాజస్థాన్‌లోని పుష్కర్‌లో, దత్త జయంతికి మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో, ఆడి మాసంలో తమిళనాడు అంతియూర్‌లో పెద్ద గుర్రాల సంతలు జరుగుతాయి. అక్కడ బేరాలు చూడ్డమే ఓ వినోదం. నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెబుతారు. తర్వాత సుడులు లెక్కపెడతారు. మెడకింద ‘దేవమణి’ సుడి ఉంటే ఒక ధర. నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్న పంచకల్యాణి అయితే ఇంకో ధర. జానపద సినిమాల్లో రాకుమారుడు ఎక్కేది అదే కదా మరి!

సుడుల వల్ల అదృష్టం వస్తుందో లేదోగానీ ధర మాత్రం పెరుగుతుంది. పశువైద్యులు చూసేది వేరు. నాలుగు అడుగులు నడిపించి ఏ కాలు కుంటుతోందో చూస్తారు. గిట్టల అడుగుభాగం చూస్తారు. కళ్లు, ఊపిరి, పళ్లు చూస్తారు. అందంగా ఉందని కొన్న గుర్రం కుంటితే ఆ అందాన్ని లాయంలో కట్టేసి చూసుకోవాల్సిందే. అందుకే సంతలో మనసు పడ్డ గుర్రాన్ని వెంటనే కొనేయకూడదనీ, తెలిసిన డాక్టర్ని వెంటబెట్టుకెళ్లాలనీ అనుభవం ఉన్నవాళ్లు ఒకటికి పదిసార్లు చెబుతారు.

ఇంకో ఎర కూడా ఉంది. రేసుల నుంచి రిటైరైన గుర్రాలు. హైదరాబాద్‌లో రేసులకు పెద్ద చరిత్రే ఉంది. మౌలాలీలో మొదలై, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో 1886లో మలక్‌పేటకు మారాయి. రేసు గుర్రం రెండేళ్ల వయసు నుంచే పరుగెడుతుంది. ఐదారేళ్లు వచ్చేసరికి చాలావాటి పని అయిపోతుంది. కాలికి దెబ్బ తగిలితే అంతకన్నా ముందే. అలాంటి థరోబ్రెడ్‌లు కారుచౌకగా వస్తాయి, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు. ఊరికే వస్తోంది కదా అని తెచ్చుకుంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. అది చిన్నప్పటి నుంచీ దౌడు తీయడానికే తయారైన గుర్రం. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. దాన్ని మామూలు సవారీకి మళ్లించాలంటే అనుభవమున్న శిక్షకుడు, నెలల ఓపిక కావాలి. పైగా గుర్రం ఆయుష్షు పాతిక, ముప్ఫై ఏళ్లు. అంటే రిటైరయ్యాక ఇంకో ఇరవయ్యేళ్లు బతుకుతుంది. ఆ ఇరవయ్యేళ్లూ ఎవరు మేపాలి?

మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు... గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని.

దాణా లెక్క చూద్దామా?

నాలుగు వందల కిలోల మధ్యరకం గుర్రం ఒకటి మీ దగ్గర ఉందనుకోండి. దాని పొట్ట చూసి మోసపోవద్దు. అంత పెద్ద ఒంటికి లోపల జీర్ణాశయం చాలా చిన్నది. అందుకే ఆవులా ఒకేసారి కడుపునిండా మేసి తర్వాత తీరిగ్గా నెమరు వేసుకోవడం దానికి చేతకాదు. కొంచెం కొంచెం చొప్పున రోజంతా నములుతూనే ఉండాలి. బయట వదిలేస్తే రోజులో పద్నాలుగు, పదహారు గంటలు మేతలోనే ఉంటుంది. కాబట్టి పొద్దునో బుట్ట, సాయంత్రమో బుట్ట వేసి చేతులు దులుపుకొంటే కుదరదు.

రోజుకి ఎనిమిది కిలోల మంచి ఎండుగడ్డి వేసుకుందాం. కిలో 15 రూపాయలనుకుంటే 120. ఉలవలు, బార్లీ, ఓట్స్, గోధుమ తవుడు కలిపిన దాణా రెండున్నర కిలోలు. కిలో 40 చొప్పున 100. ఉప్పు, ఖనిజ లవణాల మిశ్రమం మరో 20. మొత్తం 240 రూపాయలు. నెలకి 7,200. ఇది తిండి ఖర్చు మాత్రమే. వరిగడ్డి వేస్తే సగంలో పోతుంది కదా అంటారేమో, దాంట్లో సత్తువ తక్కువ. దాంతోనే నెట్టుకొస్తే రెండు నెలల్లో పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. నీళ్లు మామూలు రోజుల్లోనే పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది. రోహిణీ కార్తెలో పని కూడా చేయిస్తే ఇంకా ఎక్కువ. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో ఉన్నవాళ్లు ఈ అంకె మరోసారి చదువుకోవాలి.

తర్వాత మనిషి. మీరు ఉద్యోగానికి వెళితే గుర్రాన్ని చూసుకునే సాయిసు కావాలి. ఇది ఎవరుపడితే వాళ్లు చేసే పని కాదు. పనితెలిసిన సాయిసు దొరకడం గుర్రం దొరకడం కంటే కష్టం. ఉండటానికి గది ఇచ్చి, నెలకి 15 వేలనుకుందాం. తక్కువే అది. గిట్టలు చెక్కి లాడాలు కొట్టడం, నట్టల మందు, టీకాలు, డాక్టరు ఫీజు... ఒక నెల ఏమీ ఉండదు, ఒక నెల విరుచుకుపడుతుంది. సగటున 3 వేలు పక్కన పెడదాం. కింద పరిచే రంపపు పొట్టు, కరెంటు, జీను మరమ్మతు, తాళ్లు, బకెట్లు 2,500.

అన్నీ కలిపితే 27,700. ఏడాదికి 3 లక్షల 32 వేల 400. మీరు గుర్రాన్ని రెండు లక్షలు పెట్టి కొన్నారనుకుంటే, ఎనిమిది నెలలు తిరక్కముందే మేపిన ఖర్చు కొన్న ధరను దాటేస్తుంది. ధరలు ఇలాగే ఉన్నా ఇరవయ్యేళ్లకి 66 లక్షల పైమాటే. ఇవి మా కాగితం మీది ధరలు. మీ ఊళ్లో గడ్డి చవకైతే కాస్త తగ్గొచ్చు, నగరంలో రైడింగ్ స్కూల్ లాయంలో ఉంచితే పెరగొచ్చు. లాయం కట్టిన ఖర్చు, జీను, కళ్లెం, రికాబులు, తలకి హెల్మెట్... ఇవేవీ ఇందులో లేవు. ఇంట్లో ఈ లెక్క చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి చెప్పకపోవడం మంచిది!

పొద్దున్నే ఐదింటికి...

డబ్బున్నంత మాత్రాన గుర్రం ఉంటుందా? ఉండదు. టైమ్ ఉండాలి.

ఐదింటికి లేవాలి. మీ అడుగుల చప్పుడు వినగానే లోపల్నుంచి సన్నగా ఓ సకిలింపు. ముందు నీళ్లు, గడ్డి. తర్వాత పేడ ఎత్తాలి. రోజుకి 15 కిలోల పైనే వేస్తుంది. తడిసిన పొట్టు తీసి కొత్తది పరవాలి. వదిలేస్తే ఈగలు, వాసన, గిట్టలు కుళ్లడం. ఒళ్లంతా బ్రష్షుతో రుద్దాలి. జూలు, తోక దువ్వాలి. నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా ఎత్తి గిట్టల సందుల్లో ఇరుక్కున్న మట్టి, రాళ్లు కొక్కెంతో తీయాలి. సవారీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. సవారీ అయ్యాక చెమట ఆరేదాకా నెమ్మదిగా నడిపించాలి. అప్పుడు గానీ దాణా వేయకూడదు. ఇదంతా అయ్యేసరికి ఏడున్నర దాటుతుంది. సాయంత్రం మళ్లీ ఇదే. దసరాకి ఊరెళ్దామా అంటే ముందు గుర్రం దగ్గర ఎవరుంటారో తేలాలి. ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు వెళ్లే భోగం గుర్రం వచ్చిన రోజుతోనే సరి.

గిట్టల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన గోళ్లలాగే అవి పెరుగుతూనే ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. రోడ్డుమీద తిరిగే గుర్రమైతే లాడాలు మార్పించాలి. మేకు ఒక్క నూలు పక్కకి దిగినా కుంటుతుంది. ఎడ్లకి లాడాలు కొట్టేవాళ్లే తగ్గిపోతున్న కాలంలో గుర్రాలకి కొట్టేవాళ్ల కోసం ఊళ్లు దాటి వెతకాలి. పళ్లూ అంతే. నమిలి నమిలి అరుగుతూ, పైకి వస్తూ ఉంటాయి. అంచులు వాడిగా మారి బుగ్గల్ని కోస్తాయి. ఏడాదికోసారైనా డాక్టరు నోట్లో చెయ్యి పెట్టి ఆకురాయితో అరగదీయాలి. మేత నములుతూ మధ్యలో ముద్దలు ముద్దలుగా కింద పడేస్తోందంటే తిండి నచ్చక కాదు, పన్ను గుచ్చుకుని.

అన్నిటికన్నా భయపెట్టేది కడుపునొప్పి. మనకి వస్తే వాము నమిలి పడుకుంటాం. గుర్రానికి వస్తే ప్రాణాల మీదికొస్తుంది. ఎందుకంటే అది వాంతి చేసుకోలేదు. దాని ఒంటి నిర్మాణమే అంత. లోపలికి వెళ్లింది ముందుకే వెళ్లాలి. మేత ఉన్నట్టుండి మార్చినా, బూజుపట్టిన గడ్డి తిన్నా, నీళ్లు తక్కువైనా పేగు మెలిపడొచ్చు. నేలమీద దొర్లుతుంది, డొక్కవైపు తిరిగి తిరిగి చూసుకుంటుంది, కాలితో నేల గీరుతుంది. అర్ధరాత్రి రెండింటికి ఈ మూడూ చూశారంటే తెల్లారేదాకా ఆగేందుకు లేదు. ఆ టైమ్‌లో ఫోన్ ఎత్తే, గుర్రాల వైద్యం తెలిసిన డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నారు? కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. గేదెలకి, కుక్కలకి వైద్యం చేసేవాళ్లు మండలానికొకరు దొరుకుతారు. గుర్రానిది వేరే లోకం.

గుర్రాలకి సోకే గ్లాండర్స్ అనే జబ్బు ఉంది. మనుషులకీ అంటుకుంటుంది. టీకా లేదు. పరీక్షలో ఉందని తేలితే ఆ గుర్రాన్ని చట్టప్రకారం చంపేయాల్సిందే. అందుకే కొత్త గుర్రాన్ని తెచ్చేటప్పుడు రక్తపరీక్ష చేయించాలి. గుర్రాలపై పరిశోధనకి హర్యానాలోని హిసార్‌లో జాతీయ సంస్థే ఉంది. చిన్న గాయమైనా ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఆ జబ్బుకి గుర్రం అంత తేలిగ్గా లొంగిపోతుంది.

తోకకి కూడా డబ్బులిచ్చారు

మన నేలమీద గుర్రాన్ని పోషించడం ఎప్పుడూ ఖరీదైన పనే. పదమూడో శతాబ్దంలో దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, ఇక్కడి రాజులు సముద్రం మీదుగా వేల గుర్రాలు తెప్పించుకుంటారనీ, చూసుకోవడం తెలియక వాటిలో చాలా భాగం ఏడాది తిరక్కుండా పోతాయనీ రాశాడు. వండిన అన్నమూ మాంసమూ పెడతారని కూడా రాశాడు. ఇక విజయనగరంలో కొన్నాళ్లున్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ చెప్పింది ఇంకా విడ్డూరం. సాళువ నరసింహరాయలు గుర్రాలకి ఎంత విలువ ఇచ్చేవాడంటే, ఓడలో దారిలోనే చచ్చిపోయిన వాటికి కూడా డబ్బు చెల్లించేవాడట. రుజువుగా తోక చూపిస్తే చాలు! ఈ రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీలు అంత తేలిగ్గా నమ్ముతాయా?

గుర్రాల లక్షణాల మీదే తెలుగులో మనుమంచి భట్టు ఓ పద్యగ్రంథం రాశాడు. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటుడి అశ్వశాలలో పనికి కుదిరాడు. పంచపాండవుల్లో ఒకడు సాయిసుగా ఏడాది గడిపాడన్నమాట. ఆ పని మీద చిన్నచూపు మనకి తర్వాత వచ్చింది.

ఆషాఢంలోనూ ఆకలేస్తుంది

సరదాకి పెంచేవాళ్ల మాట అలా ఉంచితే, బతుకుతెరువుకి గుర్రాన్ని నమ్ముకున్నవాళ్లున్నారు. హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లి గుర్రాలు పెంచే కుటుంబాలు అలాంటివే. బ్యాండు మేళం, దీపాల గొడుగులు, మధ్యలో జరీ బట్ట కప్పుకున్న తెల్లగుర్రం మీద పెళ్లికొడుకు. చూసేవాళ్లకి అదొక్క గంట. గుర్రాన్ని తయారుచేసినవాళ్లకి రెండేళ్లు. ఎందుకంటే గుర్రం పుట్టుకతోనే పిరికిది. అడవిలో పారిపోయి బతికిన జంతువు. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక మాత్రం కనపడదు. అందుకే వెనక నుంచి వెళ్లి చెయ్యి వేస్తే తన్నేది. అలాంటి ప్రాణిని డీజే హోరులో, చెవుల పక్కనే టపాకాయలు పేలుతుంటే నిలబెట్టాలి. టపాకాయలు కాల్చే బంధువులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే పెళ్లికొడుక్కీ క్షేమం.

మంచి ముహూర్తాలున్న రోజుల్లో ఒకే రాత్రి రెండు మూడు పెళ్లిళ్లు. ఆషాఢం వచ్చిందంటే తెలుగు పెళ్లిళ్లు ఉండవు. మూఢం వస్తే ఉండవు. గుర్రానికి మాత్రం ఆషాఢమూ లేదు, మూఢమూ లేదు. రోజుకి 240 రూపాయల మేత పడాల్సిందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పెళ్లిళ్లన్నీ ఆగిపోయినప్పుడు దేశమంతటా ఇలాంటి కుటుంబాలు విలవిల్లాడాయి. ఆటో అయితే ఇంటిముందు నిలిపేస్తే నిలబడి ఉంటుంది. గుర్రం నిలబడి సకిలిస్తుంది. ఇంట్లో అన్నం తగ్గించుకుని దానికి ఉలవలు నానబెట్టినవాళ్లున్నారు. అమ్ముదామంటే ఆ రోజుల్లో కొనేవాడెవడు?

దేశంలో గుర్రాలు ఎలా తగ్గిపోతున్నాయో పశుగణన చూస్తే తెలుస్తుంది. 2012లో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, తట్టువలు 2019 లెక్కలకొచ్చేసరికి 3 లక్షల 40 వేలకి పడిపోయాయి. ఏడేళ్లలో దాదాపు సగం! మా అమ్మమ్మ ఊరి స్టేషన్ బయట ఒకప్పుడు జట్కాలు వరసగా ఉండేవి. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే నాకు గుర్తున్నది చివరి రెండు మూడు. రైలు రాకముందు జట్కా సాయిబు గుర్రం మూతికి గడ్డిసంచి తగిలించి, తాను పక్కనే నిలబడి బీడీ కాల్చుకునేవాడు. రైలొచ్చినా సంచి ఖాళీ అయ్యేదాకా బండి కదిలేది కాదు. ‘దాని భోజనం కానివ్వండమ్మా’ అనేవాడు. మా అమ్మమ్మకి కోపం వచ్చేది. ఆయన మాత్రం కదిలేవాడు కాదు.

గుర్రం ఇప్పటికీ అవసరమైన చోటు మన దగ్గరే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి వైపు కొండల మీది పల్లెలు. రోడ్డు లేని ఊళ్లకి రేషన్ బియ్యం, సంత నుంచి ఉప్పు పప్పు ఎక్కేది గుర్రం వీపు మీదే. దిగేటప్పుడు కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా బస్తాలు. ఇక్కడి గుర్రం పొట్టిది, బక్కది, సుడుల గొడవ లేనిది. జారే రాళ్ల బాటలో జీపు వెళ్లలేని చోటికి వెళ్తుంది. పనిలేని రోజు కొండవాలులో వదిలేస్తే అదే మేస్తుంది. ఆ ఇంట్లో గుర్రం చచ్చిపోతే మర్నాటి నుంచి బస్తా మనిషి నెత్తికెక్కుతుంది. రోడ్డు పడిన ఊళ్లలో బైకులొచ్చాయి, గుర్రాలు తగ్గాయి. రోడ్డు కావాలని కోరుకునేవాళ్లలో గుర్రాల యజమానులే ముందుంటారు. అందులో ఆశ్చర్యమేముంది!

బరువు మోసే గుర్రాలకి చట్టం కొన్ని హద్దులు పెట్టింది. 1965 నాటి నిబంధనల ప్రకారం తట్టువ వీపు మీద 70 కిలోలకి మించి వేయకూడదు. రోజులో తొమ్మిది గంటలకి మించి పనిచేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా విశ్రాంతి ఇవ్వాలి. సవారీ గుర్రమైతే తన బరువులో ఐదో వంతుకి మించి మోయకూడదని, అదీ జీనుతో కలిపి, శిక్షకులు లెక్క చెబుతారు. అంటే మన నాలుగు వందల కిలోల గుర్రం మీద ఎక్కాలంటే మనిషీ జీనూ కలిసి 80 కిలోల లోపుండాలి. పాపకి ఇబ్బంది లేదు. నాన్నకే కష్టం.

మరి ఇన్ని బాధలు పడి...

ఎందుకు పెంచుతున్నట్టు? గుర్రాలున్నవాళ్లని అడిగితే ముందు ఖర్చుల జాబితా విప్పుతారు. గడ్డి ధర తిడతారు, సాయిసు చెప్పకుండా సెలవు పెట్టాడంటారు. అలా చెబుతూ చెబుతూనే చెయ్యి దాని మెడమీదికి వెళుతుంది. అది తల వంచి భుజం మీద మూతి ఆనిస్తుంది. ఆ తర్వాత లెక్కలు ఆగిపోతాయి.

మనిషి మనసు గుర్రానికి తెలుస్తుందన్నది ఊరికే అనే మాట కాదు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 28 గుర్రాలకి మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం తొందరగా పెరిగింది. ఎడమకంటితో చూడటం ఎక్కువైంది. సవారీ నేర్పేవాళ్లకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. పైన కూర్చున్నవాళ్లు భయపడితే తొడలు బిగుస్తాయి, ఊపిరి బిగబడుతుంది. గుర్రానికి ఆ క్షణంలోనే అందుతుంది. అరిచి, కొట్టి దాన్ని నడిపించలేం. ఇంట్లో కసురుకుంటే కంప్యూటర్ కట్టేసే పిల్లాడు కూడా లాయంలో గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకుంటాడు. వేరే దారి ఉండదు మరి.

సవారీ వల్ల నడుము నిటారుగా నిలుస్తుంది. తొడలు, పొట్ట కండరాలు గట్టిపడతాయి. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి, ఫిజియోథెరపీలో భాగంగా, నెమ్మదిగా నడిచే గుర్రం మీద కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ఊగే తీరు మనిషి నడకలో నడుము కదలికని పోలి ఉండటమే దానికి ఆధారం. అయితే ఇవి ఫీజు కట్టి రైడింగ్ స్కూల్‌కి వెళ్లినా దొరుకుతాయి. సొంతంగా ఉంటే దొరికేది వేరే. రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చి పట్టుకుని లాయంలోకి వెళ్తే, నిలబడే కునుకు తీస్తున్న గుర్రం మీ అడుగు గుర్తుపట్టి చెవి ఒక్కటి మీవైపు తిప్పుతుంది. అంతే, మళ్లీ నిద్ర. అది పరాయివాళ్ల ముందు అలా ఉండదు. ఇంకా నమ్మకం కుదిరితే మీ ముందే నేలమీద పక్కకి వాలి పడుకుంటుంది. పారిపోయే జంతువు పడుకుందంటే మీరు కాపలా ఉన్నారని అనుకుందన్నమాట.

ఒంటరిగా మాత్రం ఉండలేదు. గుంపులో పుట్టి గుంపులో బతికే జంతువు. ఒక్కదాన్నే కట్టేస్తే చెక్కలు కొరుకుతుంది, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది. రెండోది కొనే స్తోమత లేనివాళ్లు తోడుగా ఓ మేకని కట్టేస్తారు. చిత్రంగా ఆ రెంటికీ భలే జత కుదురుతుంది.

చివరి లెక్క

ఎవరూ ముందుగా మాట్లాడనిది ఒకటి మిగిలింది. ఇరవై దాటాక గుర్రం ముసలిదవుతుంది. వీపు గుంటపడుతుంది, పళ్లు అరుగుతాయి, దాణా నానబెట్టి మెత్తగా పెట్టాలి. అప్పుడు చాలామంది అమ్మేస్తారు. మొదటి యజమాని మంచివాడే. రెండోవాడూ ఫర్వాలేదు. చేతులు మారే కొద్దీ ధర తగ్గుతుంది, పని పెరుగుతుంది, మేత తగ్గుతుంది. డొక్కలు ఎండిపోయి, వీపు మీద పుండుతో రోడ్డు పక్కన కనిపించే గుర్రం ఒకప్పుడు ఎవరో పిల్లల పుట్టినరోజుకి మురిపెంగా కొన్నది అయ్యుండొచ్చు.

కట్టుకుని ఉండాలంటే చివరిదాకా ఉండాలి. కాలు విరిగి లేవలేని రోజున, డాక్టరు మీ ముఖం చూసి ఊరుకున్న రోజున, ఆ సూది వేయమని చెప్పాల్సింది మీరే. తర్వాత నాలుగు వందల కిలోల శరీరం. జేసీబీ పిలిపించి గొయ్యి తీయించాలి. ఆ గొయ్యికి చోటుండాలి. దీని ఖర్చు కూడా పై లెక్కలో వేయలేదు.

అందుకే అనుభవజ్ఞులు చెప్పే సలహా ఒక్కటే. కొనకండి. ముందు ఆరు నెలలు దగ్గర్లోని రైడింగ్ స్కూల్‌లో చేరండి. సవారీ క్లాసు అయ్యాక ఇంటికి వచ్చేయకుండా, పేడ ఎత్తడానికీ గిట్టలు శుభ్రం చేయడానికీ ఉంటామని అడగండి. ఎవరూ కాదనరు! ఓ వానాకాలం, ఓ వేసవి గడవనివ్వండి. మొదటి నెల నలుగురు పిల్లలు వస్తే ఆరో నెలకి ఒకరు మిగలొచ్చు. ఆ ఒకరి ఇంట్లోవాళ్లే స్థలం, సాయిసు, డాక్టరు అంటూ మిగతా విషయాలు ఆలోచించాలి.

బీచ్‌లో అడిగిన పాపకీ ఇదే జవాబు చెప్పొచ్చు. ‘వచ్చే ఆదివారం పొద్దున్నే ఐదింటికి లేస్తావా? గుర్రం దగ్గరికి వెళ్దాం. ఎక్కడానికి కాదు, పేడ ఎత్తడానికి’ అనండి. దుప్పటి ముసుగేసుకుంటే సరే. శనివారం రాత్రే పాత బట్టలు తీసి పక్కన పెట్టుకుందా... నాన్నగారూ, మీ పని అయిపోయినట్టే.